అద్దె ఇంటికి బండలు వేయించకండి: పాత డెస్క్‌టాప్‌ను 15 వేలలో ఆటలకు సిద్ధం చేసుకోవడం

అనంతపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక నెట్ సెంటర్ ఉండేది. హాల్ టికెట్లు, పరీక్షా ఫలితాలు, పాస్‌పోర్టు దరఖాస్తులతో ఏళ్ల తరబడి కిటకిటలాడి, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక మూతపడింది. యజమాని సామాను అమ్మేస్తుంటే మా బావగారు ఒక కంప్యూటర్ కొని తెచ్చారు. పిల్లవాడి చదువుకని ఆయన ఉద్దేశం. పిల్లవాడు మొదటి రోజే అందులో జీటీఏ 5 ఎక్కించాడు. ఆట తెరుచుకునే లోపు వాళ్ల అమ్మ అన్నం వార్చి, పప్పు తాలింపు కూడా పెట్టేసింది. తెరుచుకున్నాక కారు నడవలేదు, ఒక ఫొటో తర్వాత ఇంకో ఫొటో వచ్చినట్టు కదిలింది.

"మామా, గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొంటే సరిపోతుంది కదా?" అని నా దగ్గరకు వచ్చాడు. సరిపోదు. నేరుగా కార్డు కొని, దాని మీద చేతులు కాల్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. 2025 వేసవిలో ఆ పెట్టెను 15 వేల రూపాయల లోపు ఎలా దారికి తెచ్చామో వరుసగా రాస్తున్నాను.

అన్నింటికంటే ముందు ఒక లెక్క. అద్దె ఇంట్లో ఉండేవాడు బీరువా కొనుక్కోవచ్చు, మంచం కొనుక్కోవచ్చు, ఫ్యాను బిగించుకోవచ్చు. ఇల్లు మారినప్పుడు వాటిని తీసుకెళతాడు. కానీ సొంత డబ్బుతో తాడిపత్రి బండలు వేయిస్తే అవి ఇంటి యజమానికే మిగులుతాయి. భాగాలన్నీ తగిలించే ప్రధాన పలకను మదర్‌బోర్డు అంటారు. పాత మదర్‌బోర్డు అలాంటి అద్దె ఇల్లు. లోపలికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, ఫైళ్లు దాచే వేగమైన డిస్క్ అయిన ఎస్‌ఎస్‌డీ, తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు రేపు కొత్త బోర్డు కొన్నా దాంట్లోకి వస్తాయి, కాబట్టి అవి బీరువాలు. సమాచారాన్ని తాత్కాలికంగా పట్టి ఉంచే పాతకాలపు ర్యామ్, లెక్కలు చేసే ప్రాసెసర్ మాత్రం బండలు, ఆ బోర్డుతోనే పోతాయి. డబ్బును బీరువాల మీద పెట్టండి. బండల మీద, నడవడానికి కావలసినంతే.

పెట్టెలో ఏముందో ముందు తెలుసుకోండి

సీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఎక్కించుకుంటే ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ వివరాలన్నీ చెబుతుంది. కాగితం మీద రాసుకోండి. దుకాణంలో "ఐ5 ఉందండీ" అంటే ఏమీ చెప్పనట్టే, ఎందుకంటే ఐ5 పేరుతో ఇంటెల్ సంస్థ ప్రాసెసర్లు పదికి పైగా తరాలు వచ్చాయి. ఇంటెల్‌లో పేరు వెనుక ఉన్న సంఖ్య చూడాలి. ఐ5-4570 అని ఉంటే నాలుగో తరం, ఐ3-2120 అంటే రెండో తరం, ఐ5-10400 అంటే పదో తరం. ఐ5-750 లాగా మూడే అంకెలుంటే మొదటి తరం.

కోర్ 2 డుయో, పాత పెంటియం, మొదటి తరం ఐ3 ఐ5 అయితే ఇక్కడే ఆగిపోండి. వాటి మీద రూపాయి పెట్టవద్దు. పాత ఆటలు ఆడుకోండి, లేదా డబ్బు కూడబెట్టి నాలుగో తరం ఆఫీసు కంప్యూటర్ ఒకటి కొనండి. బెంగళూరు కంపెనీలు మార్చేసిన యంత్రాలు అక్కడి ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. అనంతపురం నుంచి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, పొద్దున్నే బస్సెక్కితే రాత్రికి ఇంటికి రావచ్చు.

రెండు, మూడు తరాలవి నడుస్తాయి గానీ ఒక చిక్కుంది. ఏవీఎక్స్2 అనే ఆదేశాల సమూహం ఇంటెల్‌లో నాలుగో తరంతో, అంటే 2013లో మొదలైంది. ఇటీవలి ఆటల్లో కొన్ని అది లేని ప్రాసెసర్ మీద అసలు తెరుచుకోవు. ఎంత మంచి కార్డు పెట్టినా ఫలితం ఉండదు. నాలుగో తరం ఐ3, ఐ5, ఐ7లకు ఆ బాధ లేదు. ఆరు, ఏడు తరాలవి చాలావరకు డీడీఆర్3 తర్వాతి రకమైన డీడీఆర్4 ర్యామ్ వాడతాయి, ఇంకొంత మేలు. అయితే ఆరో తరం బోర్డులో ఎనిమిదో తరం ప్రాసెసర్ పట్టే చోటు కొలత సరిపోయినా అది పనిచేయదు. రెండింటి సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151 కావడంతో ఇందులో మోసపోయినవాళ్లున్నారు.

ఇంటెల్ పోటీ సంస్థ ఏఎండీ చేసిన రైజెన్ ప్రాసెసర్ ఉన్న ఏఎం4 రకం బోర్డు మీ దగ్గరుంటే మీ అదృష్టం వేరే. 2017 నాటి బోర్డుల్లో చాలావాటికి బయోస్, అంటే బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్, మార్చుకుంటే 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా పెట్టుకోవచ్చు. బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో మీ మోడల్ కింద ఏయే ప్రాసెసర్లు పనిచేస్తాయో జాబితా ఉంటుంది. అది చూడకుండా కొనవద్దు.

మావాడి పెట్టెలో తేలినది ఇది: ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకే ముక్క, 500 జీబీ హార్డ్ డిస్క్, పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్, 18.5 అంగుళాల మానిటర్.

దుమ్ము దులపడం

ఈ పనికి డబ్బు అవసరం లేదు. అందుకే దీన్ని ఎవరూ పట్టించుకోరు.

మనది వర్షచ్ఛాయా ప్రాంతం. ఆషాఢంలో గాలి మొదలైతే కిటికీలు మూసినా ఇంట్లో వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము పడుతుంది. కంప్యూటర్ లోపల ఫ్యాను ఉంటుంది కాబట్టి అది ఆ దుమ్మును పిలిచి మరీ లోపలికి లాక్కుంటుంది. మేము పక్క తలుపు తీసేసరికి ప్రాసెసర్ మీద దాని వేడిని లాగే హీట్ సింక్ రెక్కల మధ్య బూడిద రంగు పరుపు కనిపించింది. దాని గుండా గాలి ఎక్కడ పోతుంది? వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కొత్త ప్రాసెసర్ కావాలని మనం అనుకుంటాం, పాతదానికి ఊపిరాడటం లేదంతే.

ప్లగ్గు తీసేయండి. ఆ తర్వాత పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. మన పొడి గాలిలో ఒంటి మీద స్థిర విద్యుత్తు చేరుతుంది. ఏ భాగాన్నైనా ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. పెట్టెను వరండాలోకి తీసుకెళ్లి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే అది వేగంగా తిరిగి బేరింగులు పాడవుతాయి. ఎస్‌ఎంపీఎస్‌ను బయటి నుంచి ఊదడం వరకే, మూత మాత్రం విప్పవద్దు. లోపలి కెపాసిటర్లు ప్లగ్గు తీశాక కూడా గట్టి షాక్ ఇవ్వగలవు.

తర్వాత హీట్ సింక్ తీసి, ప్రాసెసర్ వేడిని దానికి అందించే, ఎండి పెంకు కట్టిన పాత థర్మల్ పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. కొత్త పేస్ట్ బఠాణీ గింజంత చాలు. రొట్టె మీద వెన్న పూసినట్టు పూయనవసరం లేదు, హీట్ సింక్ బరువుకు అదే పరుచుకుంటుంది. ఇంటెల్ హీట్ సింక్‌కు నాలుగు మూలలా ఉండే ప్లాస్టిక్ కాళ్లను ఎదురెదురు మూలల్లో జంటగా నొక్కాలి. నాలుగూ బోర్డు అవతలికి దిగాయో లేదో వంగి చూడండి. ఒక్కటి ఊడినా వేడి దిగదు.

బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీని కూడా ఇప్పుడే మార్చేయండి, దాని నంబరు సీఆర్ 2032. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పు చూపిస్తుంటే కారణం అదే.

ఎక్కడ కుంటుతోందో కనిపెట్టడం

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆట ఆడుతుండగానే తెర మూలలో అంకెలు చూపిస్తుంది. పేరు ఒక సంస్థదే అయినా అన్ని సంస్థల కార్డులతోనూ పనిచేస్తుంది. కార్డు వాడకం 95 శాతం పైనే ఉంటే కార్డే పూర్తిగా శ్రమిస్తోందన్న మాట, వేగం పెరగాలంటే కార్డు మార్చాలి. కార్డు సగంలో తిరుగుతూ ప్రాసెసర్ 100కు అంటుకుని ఉంటే లోపం ప్రాసెసర్‌ది. ర్యామ్ నిండిపోయి ఉంటే ఆట మామూలుగా సాగుతూ మధ్యమధ్యలో గతుకు రోడ్డు మీద బస్సులా కుదుపుతుంది. విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 చూపిస్తుంటే హార్డ్ డిస్క్ అందుకోలేకపోతోంది.

మావాడి పెట్టెలో కార్డే లేదు, మిగతా మూడు లోపాలూ ఒకేసారి ఉన్నాయి.

ఎస్‌ఎంపీఎస్: కార్డుకంటే ముందు

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. ఊళ్లలో అసెంబుల్ చేసిచ్చే క్యాబినెట్లతో పాటు వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ అంకెను నమ్మవద్దు. పక్కనే చిన్న అక్షరాల పట్టిక ఉంటుంది, అందులో 12 వోల్టుల గడి చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేదంతా దాదాపు ఆ గడి నుంచే. అక్కడ 14 ఆంపియర్లు అని ఉంటే పన్నెండుతో గుణించండి: 168 వాట్లు. 450 అన్న పెట్టె మన పనికి ఇవ్వగలిగింది అంతే. చేత్తో ఎత్తి చూసినా కొంత తెలుస్తుంది, డొల్ల సరుకు కొబ్బరి చిప్పలా తేలిగ్గా ఉంటుంది.

మీ అవసరం లెక్కవేయడం కష్టమేమీ కాదు. ఐ5-4570 గరిష్ఠంగా 84 వాట్ల తరగతిది. బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకు 40 నుంచి 50. దానికి కార్డును కలపండి. ఎన్విడియా సంస్థ జీటీఎక్స్ 1650 అయితే 75, ఏఎండీ వారి ఆర్ఎక్స్ 580 అయితే 185. మొదటి దానితో మొత్తం 210 దగ్గర ఆగుతుంది, రెండో దానితో 320కి చేరుతుంది. 12 వోల్టుల గడి దానికంటే మూడో వంతైనా ఎక్కువ ఇవ్వాలి. పేరున్న కంపెనీది, కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ గుర్తున్నది, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కొత్తది కొనండి. ఈ ఒక్క వస్తువూ సెకండ్ హ్యాండ్‌లో వద్దు. అది కాలిపోయేటప్పుడు ఒంటరిగా పోదు, బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోతుంది.

బ్రాండెడ్ ఆఫీసు కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. నాలుగో తరం నాటి ఇలాంటి పెట్టెల్లో బోర్డుకు పోయే ప్రధాన కనెక్టర్ మామూలు 24 పిన్నులది కాదు. డెల్ ఆప్టిప్లెక్స్‌లలో 8, హెచ్‌పీలో 6, లెనోవో థింక్‌సెంటర్‌లలో 14 పిన్నులవి ఎక్కువగా కనిపిస్తాయి. మామూలు ఎస్‌ఎంపీఎస్ పెట్టాలంటే ఆ మోడల్‌కు సరిపోయే మార్పిడి తీగ కొనాలి. అసలు అవసరమా అన్నది వేరే ప్రశ్న. ఆ కంపెనీలు 290 వాట్లని రాస్తే నిజంగానే అంత ఇస్తాయి, 75 వాట్ల కార్డును హాయిగా మోస్తాయి. సన్నటి పెట్టె అయితే పొట్టి కార్డు, అంటే లో ప్రొఫైల్ రకం తప్ప పట్టదు. ముందు స్కేలు పెట్టి కొలవండి.

డిస్కులకు కరెంటు ఇచ్చే సాటా పవర్ తీగ నుంచి కార్డుకు ఆరు పిన్నుల కరెంటు లాగే చవక అడాప్టర్లు దొరుకుతాయి. సాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర 54 వాట్ల వరకే ఇవ్వగలదు. ఆరు పిన్నుల కార్డు 75 వరకు అడగవచ్చు. ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చాక ఈ తేడా గుర్తుకు రావడం వల్ల లాభం లేదు.

గోడ సాకెట్ సంగతి కూడా ఇందులోనే. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను ఎర్తింగ్ కోసం. క్యాబినెట్‌ను తాకితే చేయి జివ్వుమంటుంటే ఇంట్లో ఎర్తింగ్ లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ఆ ఖర్చు ఏ కార్డుకంటే కూడా ముందు. 600 వీఏ యూపీఎస్ ఉంటే మేలే గానీ అది మోయగలిగేది సుమారు 360 వాట్లని, కరెంటు పోయినప్పుడు ఆట ముగించి ఆపుకోవడానికే తప్ప ఆడుతూ ఉండటానికి కాదని గుర్తుంచుకోండి.

గ్రాఫిక్స్ కార్డు: మానిటర్ చూసి కొనండి

మావాడు కార్డుల ధరలు చూస్తూ కూర్చుంటే నేను మానిటర్ వెనక్కి తిప్పాను. అది 1366×768 బొమ్మ చూపే తెర. అంటే సుమారు పదిన్నర లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీ తెరలో ఇరవై లక్షల డెబ్బై వేలు దాటి ఉంటాయి. దాదాపు సరిగ్గా సగం. ఫుల్ హెచ్‌డీలో ఆయాసపడే కార్డు ఈ చిన్న తెర మీద చెంగుచెంగున గెంతుతుంది. కాబట్టి డబ్బు బిగువుగా ఉన్నవాళ్లు కార్డునూ మానిటర్‌నూ ఒకే ఏడాది మార్చుకోవద్దు. పాత చిన్న తెరను ఇంకో ఏడాది ఉంచుకుంటే అదే మీకు ఉచితంగా వచ్చిన వేగం.

ఆ మానిటర్లకు నీలం రంగు వీజీఏ తీగే ఉంటుంది. జీటీఎక్స్ 10 శ్రేణి నుంచి కార్డుల్లో వీజీఏ సంకేతం లేదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న కన్వర్టర్ కావాలి. అందులో ఎలక్ట్రానిక్ చిప్ ఉన్నదే పనిచేస్తుంది, ఉత్త తీగ పనిచేయదు.

ఇక కార్డు ఎంపిక. విడిగా కరెంటు తీగ అక్కరలేని వాటిలో 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ, 2019 నాటి జీటీఎక్స్ 1650 రెండూ 4 జీబీవి, రెండూ 75 వాట్ల లోపువి. 1650లోనే ఆరు పిన్నులు అడిగే రకాలూ ఉన్నాయి, ఫొటో చూసి కొనండి. ఈ రెండింటి మధ్య వెయ్యి, పదిహేను వందల తేడా ఉన్నా నేను 1650నే తీసుకోమంటాను. వేగం ఒక కారణం. ఇంకోటి, 1050 టీఐ ఉన్న 10 శ్రేణి కార్డులకు కొత్త ఆటల కోసం వచ్చే డ్రైవర్లు, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్లు, 2025 చివరితో ఆగిపోయాయి, ఆ తర్వాత 2028 అక్టోబర్ వరకు భద్రతా మార్పులే ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. 1650 ఆ కోతలో పడలేదు. మేము కొన్నది జూన్ లోపలే, ఆ ప్రకటన వచ్చింది ఆ తర్వాతే. వేగం చూసి ఎంచుకుంటే రెండోది కలిసి వచ్చింది.

మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్నవాళ్లకు ఆర్ఎక్స్ 570, 580 సెకండ్ హ్యాండ్‌లో ఊరిస్తాయి. 8 జీబీ రకాలూ దొరుకుతాయి, ధర తక్కువ. కానీ వేడి ఎక్కువ, కరెంటు ఎక్కువ, ఏఎండీ డ్రైవర్లు వాటికి మునుపటిలా తరచుగా రావు. మే నెలలో 42 డిగ్రీలు దాటే ఊళ్లో, ఏసీ లేని గదిలో, 185 వాట్ల పొయ్యి పక్కన కూర్చుని ఆడటం ఎలా ఉంటుందో ఆలోచించుకోండి. బడ్జెట్ ఇంకొంచెం సాగితే ఆర్ఎక్స్ 6600 మంచి బీరువా: 132 వాట్లు, 8 జీబీ, రేపటి కొత్త బోర్డులో కూడా పరువు నిలుపుతుంది.

కొత్తవి కదా అని ఆర్ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ వైపు పోవద్దు. అవి బోర్డుతో నాలుగే దారుల్లో మాట్లాడతాయి. కొత్త బోర్డులో ఆ దారులు వెడల్పు కాబట్టి సరిపోతుంది, పాత బోర్డులో ఇరుకై వేగం పడిపోతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ అనే సౌకర్యం కావాలి, అది నాలుగో తరం బోర్డుల్లో మామూలుగా ఉండదు.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనేటప్పుడు నకిలీల భయం నిజమైనదే. చాలా పాత కార్డులోని సాఫ్ట్‌వేర్ మార్చి, 1050 టీఐ అని స్టిక్కర్ అంటించి అమ్ముతారు. 1050 టీఐ పేరున్న కార్డుకు నీలం వీజీఏ రంధ్రం కనిపిస్తే అక్కడే అనుమానించండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకెళ్లి అమ్మేవాడి ముందే నడపండి. నకిలీ అయితే అది పేరు ముందే నకిలీ అని చూపిస్తుంది. ఆర్ఎక్స్ 580 అయితే షేడర్ల సంఖ్య, అంటే కార్డులో లెక్కలు చేసే చిన్న విభాగాల సంఖ్య, 2304 ఉండాలి. 2048 అని ఉంటే అది పేరుకే 580, పనికి 570. ధర కూడా దానికి తగ్గట్టు అడగండి. ఆపైన కార్డును గట్టిగా శ్రమపెట్టే ఫర్‌మార్క్ అనే ప్రోగ్రామ్‌ను పదిహేను నిమిషాలు నడిపి తెర మీద చుక్కలు, గీతలు వస్తాయేమో, ఫ్యాను గరగరమంటుందేమో చూడండి. "ఇప్పుడు టెస్ట్ చేయడానికి కుదరదన్నా, వారం గ్యారంటీ ఇస్తాను" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఎస్‌ఎస్‌డీ, ర్యామ్

ఎస్‌ఎస్‌డీ వల్ల ఆటలో ఫ్రేముల వేగం, అంటే సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య, పెద్దగా పెరగదు, కంప్యూటర్ మాత్రం పునర్జన్మ ఎత్తుతుంది. 2.5 అంగుళాల సాటా రకం చాలు. 240 జీబీ కొంటే తొందరగా నిండిపోతుంది, కౌంటర్ స్ట్రయిక్ 2 ఒక్కటే 85 జీబీ అడుగుతుంది. 480 జీబీ దగ్గర మొదలుపెట్టండి. హెచ్81 బోర్డుల్లో రెండు సాటా రంధ్రాలు వేగమైనవి, మిగతా రెండు సగం వేగానివి. బోర్డు మీద చిన్నగా సాటా 6జీ అని రాసి ఉన్నదానికే ఎస్‌ఎస్‌డీ తగిలించండి. పాత హార్డ్ డిస్క్‌ను సినిమాలకు, ఫొటోలకు ఉంచుకోండి.

ర్యామ్ 16 జీబీ ఉండాలి, అదీ 8 జీబీ ముక్కలు రెండుగా. రెండు ముక్కలుంటే ప్రాసెసర్‌కు రెండు చేతులతో అందించినట్టు, ఒక్క ముక్క అయితే ఒంటిచేత్తో. బోర్డులో రెండే రంధ్రాలుంటే పాత 4 జీబీ ముక్కను తీసి పక్కన పెట్టేయాలి, మనసు ఒప్పకపోయినా. డీడీఆర్3 ఎటూ బండల పద్దే కాబట్టి వాడినదే కొనండి. మరీ చవగ్గా కనిపించే 8 జీబీ డీడీఆర్3 ముక్కల్లో ఏఎండీ బోర్డుల మీదే పనిచేసే రకం ఒకటుంది. ఇంటెల్ బోర్డుకు పెడితే కంప్యూటర్ నోరు తెరవదు. సర్వర్ల నుంచి ఊడదీసినవి కూడా అంతే.

ప్రాసెసర్

ఐ3-4130లో రెండే కోర్లు, అంటే విడివిడిగా పనిచేసే చిన్న మెదళ్లు. ఇప్పటి ఆటలు నాలుగు లేనిదే మాట్లాడవు. అదే బోర్డులో ఐ5-4570 లేదా 4590 కూర్చుంటుంది. నాలుగు కోర్లు, వాడినది రెండు వేల లోపే దొరికింది. ఐ7-4790కి నాలుగు కోర్లే అయినా ఎనిమిది పనులు ఒకేసారి చూసుకుంటుంది. అయితే పేరు మహిమ వల్ల దాని ధర ఎప్పుడూ ఎక్కువే. ఇంటెల్ సర్వర్ల రకం ప్రాసెసర్ అయిన జియాన్ ఈ3-1231 వీ3 దాదాపు అదే శక్తిని తక్కువకు ఇస్తుంది, కానీ దానిలో సొంత గ్రాఫిక్స్ లేవు, కార్డు చెడితే తెర మీద ఏమీ రాదు. బ్రాండెడ్ పెట్టెల బయోస్ జియాన్‌ను ఒప్పుకోకపోవచ్చు. నేనైతే ఐ5 దగ్గర ఆగుతాను, ఇది బండల ఖర్చు కదా.

మా ఖర్చు

ఎస్‌ఎంపీఎస్ కొత్తది 2,700. జీటీఎక్స్ 1650 వాడినది 6,200. ఎస్‌ఎస్‌డీ 480 జీబీ 2,500. ర్యామ్ 1,500, ప్రాసెసర్ 1,400, రెండూ వాడినవే. కన్వర్టర్ 300, పేస్ట్ 150. మొత్తం 14,750 రూపాయలు. ఇందులో 11,400 బీరువాలు, 2,900 బండలు. మీరు కొనే రోజున ధరలు వేరుగా ఉంటాయి, ముఖ్యంగా మెమరీ చిప్‌ల ధర బంగారంలా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. కాబట్టి అంకెలు వదిలేసి నిష్పత్తి పట్టుకోండి. ఒకేసారి అంత డబ్బు లేకపోతే ఎస్‌ఎస్‌డీతో మొదలుపెట్టి, ఎస్‌ఎంపీఎస్, ఆ తర్వాత కార్డు అనే వరుసలో నెలకొకటి కొనవచ్చు.

బిగించడం

అన్నీ ఒకేసారి బిగించి బటన్ నొక్కవద్దు. ఒకటి మార్చండి, ఆన్ చేసి చూడండి, తర్వాతది మార్చండి. ఏదైనా మొరాయిస్తే దొంగ ఎవరో వెంటనే తెలుస్తుంది. మేము ర్యామ్, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ, చివరికి కార్డు అన్న వరుసలో వెళ్లాం. ప్రాసెసర్ పెట్టేటప్పుడు మూల మీది చిన్న త్రికోణం, పక్కల గాట్లు సాకెట్‌తో కలవాలి. వేలితో ఒత్తవద్దు, దానంతట అదే కూర్చోవాలి. సాకెట్ లోపలి పిన్నులు వెంట్రుకల్లాంటివి, ఒకటి వంగితే బోర్డు పోయినట్టే. ర్యామ్, కార్డు మాత్రం క్లిక్‌మనే దాకా దిగాలి.

కార్డు బిగించాక మానిటర్ తీగను కార్డుకే తగిలించండి. ఇది రాయడం అనవసరం అనుకున్నాను గానీ, కార్డు పెట్టినా వేగం రాలేదని తల పట్టుకున్నవాళ్లలో సగం మంది తీగ పాత బోర్డు రంధ్రంలోనే ఉంటుంది. మావాడిదీ ఒక పూట అక్కడే ఉంది.

విండోస్‌ను పాత డిస్క్ నుంచి కాపీ చేయకుండా కొత్తగా ఎక్కించుకోవడం నయం, నెట్ సెంటర్ కాలపు వైరస్‌లు కూడా పాతింట్లోనే ఉండిపోతాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే. అడ్డదారిన ఎక్కించవచ్చు గానీ, వాలరెంట్ లాంటి ఆటలు విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సౌకర్యాలు లేనిదే తెరుచుకోవు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకుంటే, ఆటలు అమ్మే స్టీమ్‌లోని ప్రోటాన్ అనే సాధనం చాలా ఆటలను నడుపుతుంది, వాలరెంట్‌ను మాత్రం నడపదు. ఏ ఆట ఆడతారో తేల్చుకున్నాకే ఈ నిర్ణయం తీసుకోండి. విండోస్ 10లోనే ఉండిపోతే, బ్యాంకు పనులు ఆ కంప్యూటర్‌లో చేయవద్దు. దొంగ ఆటలు, క్రాక్‌లు అసలే వద్దు.

ఆట అమరికలు, మధ్యాహ్నం పరీక్ష

ముందుగా నీడల నాణ్యత తగ్గించండి. కార్డును ఎక్కువగా తినేది అదే, తగ్గించినా కంటికి తెలిసేది తక్కువ. టెక్స్చర్లు, అంటే వస్తువుల పైపొర బొమ్మలు, కార్డు మెమరీని బట్టి, 4 జీబీకి మధ్యస్థం. ఎఫ్ఎస్ఆర్ ఉన్న ఆటల్లో దాన్ని ఆన్ చేస్తే చిన్న బొమ్మ గీసి పెద్దది చేసి చూపిస్తుంది. ఏఎండీది అయినా 1650 మీద కూడా పనిచేస్తుంది. అయితే 1366×768 తెర మీద దాన్ని వాడితే బొమ్మ మసకబారుతుంది, అక్కడ మామూలుగానే ఆడండి. ఫ్రేముల వేగానికి 60 దగ్గర కట్టడి పెట్టండి. పాత మానిటర్ అంతకుమించి చూపించలేదు, మిగతాదంతా వేడిగానే పోతుంది.

చివరి పరీక్ష రాత్రి చల్లబడ్డాక పెట్టవద్దు. మధ్యాహ్నం రెండు గంటలకు, మీరు మామూలుగా వాడే చోటే పెట్టి, మీ ఆటల్లో అన్నింటికంటే బరువైనదాన్ని గంటసేపు ఆడండి. ప్రాసెసర్ 85 డిగ్రీలు, కార్డు 83 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. దాటితే మొదట పెట్టె ఉన్న చోటు చూడండి. మావాడు దాన్ని గోడలో కట్టిన బండ అర లోపల మూడు వైపులా మూసి పెట్టాడు, వెనుక నుంచి వచ్చిన వేడి గాలినే ముందు నుంచి మళ్లీ పీల్చుకుంటోంది. అక్కడి నుంచి తీసి బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెడితే ప్రాసెసర్ వేడి తొమ్మిది డిగ్రీలు దిగింది. వెనుక గాలి బయటికి తోసే 120 మిల్లీమీటర్ల ఫ్యాను లేకపోతే ఒకటి బిగించండి. వాడిన వస్తువులు కొన్న దుకాణాలిచ్చే గడువు సాధారణంగా వారం, పది రోజులే కాబట్టి ఈ గంట పరీక్షను కొన్న మర్నాడే పెట్టుకోండి, బిల్లులు చేతిలో ఉండగానే.